నాన్నగారి మారుతి 800కు 15 అంగుళాల రిమ్ములు, పైకి లేచే తలుపులు: చేయించవచ్చా?

పర్లాకిమిడి మిత్రుడి ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారు నడిపిన 2004 నాటి మారుతి 800 ఇంట్లో ఉంది, నంబరు ఏపీ 30తో మొదలవుతుంది. జపానులో బుల్లి కార్లను నేలకు ఆనేంత కిందికి దించి, చక్రాలు ఏటవాలుగా వంచి, తలుపులు ఆకాశానికి తెరుచుకునేలా మార్చిన వీడియోలు చూశారు. బరంపురంలో ఒక షాపువాళ్లు 15 అంగుళాల రిమ్ములు, మూడు అంగుళాలు దించడం, పైకి లేచే తలుపులు, వెనక రెక్క, డిక్కీ నిండా స్పీకర్లు, అన్నీ కలిపి 1,60,000 రూపాయలు చెప్పారు. పది వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. సోమవారం కారు అప్పగించాలి. "ఇలాంటి కార్లు చూస్తే మీలాంటి పాత మెకానిక్కులకు ఏమనిపిస్తుంది? చేయించమంటారా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు: ఆ జాబితా ఉన్నది ఉన్నట్టుగా చేయించకండి. అందులో ఒక్క చక్రాల మార్పు మాత్రమే చేయదగింది, అది కూడా 15 కాదు, 13 అంగుళాలకు. మిగిలిన డబ్బుతో చేయించుకోదగ్గవి వేరే ఉన్నాయి, కింద చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు మీరు ఊహించినది కాదు. అలాంటి కార్లు చూస్తే నాకు నోరూరుతుంది. రాయగడలో 28 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. పెద్ద పెద్ద బండ్లు వస్తాయి, పోతాయి, వాటి వెనక తిరిగి చూడను. ఎవరైనా మనసు పెట్టి ముస్తాబు చేసిన పాత 800 గేటు ముందు ఆగితే మాత్రం చేతిలో పానా కింద పెట్టి వెళ్తాను. ఇంత చిన్న బండి మీద ఎంత ప్రేమ చూపించారో అని ముచ్చటేస్తుంది. కింద వంగి చూసిన తరువాత మాత్రం పదింట ఏడుసార్లు ఆ ముచ్చట దిగిపోతుంది.

ఎందుకు దిగిపోతుందో చెప్పాలంటే ఆ కారు గొప్పతనం దేనిలో ఉందో ముందు చూడాలి. మారుతి 800 ఖాళీ బరువు దాదాపు 650 కిలోలు. ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, మీ మోడల్‌లో శక్తి 37 హార్స్ పవర్ అటూ ఇటూ. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. ఆ ముప్పై ఏళ్లూ ఆ బండిని ఘాట్ రోడ్లు ఎక్కించింది ఇంజను బలం కాదు, బండి తేలిక. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా సెమిలిగుడ వెళ్లే దారిలో, నలుగురు మనుషులతో రెండో గేరులో ఉడుంలా పట్టుకుని ఎక్కే 800లను ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ తేలికదనమే దాని ఆస్తి. దాని మీద మీరు పెట్టే ప్రతి కిలో ఆ ఆస్తిలోంచి తీసిందే.

నాలుగైదేళ్ల క్రితం గుణుపురం కుర్రాడు ఒకడు 800 తెచ్చాడు. "అన్నా, పికప్ పోయింది, ఇంజను విప్పాలేమో చూడు" అన్నాడు. కంప్రెషన్ చూశాను, బాగుంది. ప్లగ్గులు బాగున్నాయి. కారు చుట్టూ రేకుతో అంగుళాల కొద్దీ వెడల్పు చేసిన ఫెండర్లు, వాటి మీద వేలెడు మందాన పుట్టీ, వెనక ఇనుప రెక్క, డిక్కీలో ప్లైవుడ్ పెట్టెలో రెండు పెద్ద స్పీకర్లు, కింద 15 అంగుళాల రిమ్ములు. ఇంజను ముట్టుకోకుండా అతణ్ణి వెంటబెట్టుకుని కలప లారీలు తూచే వేబ్రిడ్జికి తీసుకెళ్లాను. కాటా మీద కారు ఎక్కిస్తే లోపలున్న గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. చీటీ మీద 760 వచ్చింది. వేబ్రిడ్జి కదా, పది కిలోలు తేడా ఉంటుందనుకోండి. అంటే ఎవరూ ఎక్కకముందే ఆ కారులో ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు, ఎప్పటికీ దిగరు. పికప్ ఎక్కడికీ పోలేదు, వాళ్లను మోస్తోంది. కుర్రాడు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి స్పీకర్ల పెట్టె అమ్మేశాడని విన్నాను. రెక్క మాత్రం ఉంచుకున్నాడు. పోనీలెండి.

ఇక చక్రాల సంగతి. మీ కారు టైరు 145/70 ఆర్ 12. అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు. లెక్క వేస్తే మొత్తం చక్రం ఎత్తు 508 మిల్లీమీటర్లు. షాపువాళ్లు 15 అంగుళాల రిమ్ముకు 165/50 టైరు వేస్తే 546 అవుతుంది. పోనీ 14 అంగుళాల రిమ్ముకు 165/60 వేస్తే ఇంకా పెరిగి 554 అవుతుంది, అంటే 9 శాతం పెద్దది. "పెద్దదైతే మంచిదే కదా" అంటారు. చక్రం 9 శాతం పెరిగితే గేర్లన్నీ 9 శాతం బరువెక్కినట్టే, ఇంజను లాగే బలం అంత తగ్గినట్టే. 37 హార్స్ పవర్‌లో దానం చేయడానికి మిగులు ఎక్కడుంది? మీటరు 60 చూపిస్తుంటే మీరు నిజానికి 65 మీద పోతుంటారు. పైగా రిమ్ము పెరిగిన కొద్దీ పక్కగోడ పలచబడుతుంది. మోహన వైపు ఘాటీలో గుంతలో పడితే, 12 అంగుళాల చక్రంలో రబ్బరు మింగేసే దెబ్బను 15 అంగుళాల చక్రంలో రిమ్ము తింటుంది, ఆ తరువాత బేరింగు, ఆ తరువాత మీ నడుము.

13 అంగుళాల రిమ్ముకు 155/65 వేసుకుంటే 532 వస్తుంది. తేడా 5 శాతం లోపే. చూపుకు నిండుగా ఉంటుంది, టైర్లు తేలిగ్గా దొరుకుతాయి. కొనేముందు బోల్టుల అమరిక, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) సరిపోయాయో లేదో చూడాలి. రిమ్ము బయటికి నెట్టడానికి స్పేసర్లు వేస్తామంటే వద్దనండి. ఒక చక్రం బిగించి, స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి ఎక్కడా రాసుకోవడం లేదని తేలాకే నాలుగింటికీ డబ్బు ఇవ్వండి.

మూడు అంగుళాలు దించడం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 800కు నేల నుంచి ఎడం 170 మిల్లీమీటర్లు. మూడు అంగుళాలంటే 76. మిగిలేది 94, అంటే చాచిన అరచేయి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. నలుగురు ఎక్కితే అందులోనూ కొంత పోతుంది. మీ ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఇంజను కింద ఆయిల్ సంపు, అంటే ఆయిలు నిలిచే తొట్టి, ముందుగా ఆనేది వాటికే.

దించే పద్ధతి ఇంకా ఘోరం. మంచి దిగుడు స్ప్రింగులు ఈ పాత బండికి మన వైపు దొరకడం కష్టం కాబట్టి చాలా చోట్ల ఉన్న స్ప్రింగునే ఒకటిన్నర చుట్టు కోసేస్తారు. కోసిన స్ప్రింగు పొట్టిదవుతుంది, గట్టిదీ అవుతుంది. నేల మీద ఉన్నంతసేపు బాగానే కనిపిస్తుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు స్ప్రింగు పొడవు చాలక దాని గిన్నెలో వదులవుతుంది, తిరిగి నొక్కుకున్నప్పుడు పక్కకు కూర్చుంటుంది. ఆ చప్పుడు ఒకసారి వింటే మరిచిపోరు, చెవి పక్కన గునపం పడినట్టుంటుంది. ఒక కారులో లిఫ్టు మీద ఎత్తగానే స్ప్రింగు చేత్తో తిప్పితే గిరగిరా తిరిగింది. ఓనరు ముఖం చూడాల్సింది. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు కోణం మారి దాని కీలు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, లోపలి గ్రీజు చిమ్ముతుంది, మట్టి చేరుతుంది. రెండు నెలలకు మలుపుల్లో టకటకమని మొదలవుతుంది. చక్రాలు లోపలికి వాలి టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంది. బయట నుంచి చూస్తే కొత్త టైరు, లోపలి వైపు చెయ్యి పెడితే దారాలు తగులుతాయి.

"మరి జపానువాళ్లు చేస్తున్నారుగా?" అంటారు. చేస్తున్నారు. ఆ వంచిన చక్రాల పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరులోనే 'ఓని' అని ఉంది, అంటే రాక్షసుడు. అదొక విలాసం, వాళ్లకూ తెలుసు. అయితే వాళ్ల నేల వేరు. అక్కడ 'కే' కార్లని చట్టమే ఒక తరగతిని ఏర్పాటు చేసింది: పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు. మన 800 పుట్టిందీ ఆ వంశంలోనే, అక్కడి సుజుకి చిన్న కార్ల నుంచే. అంత చిన్న పెట్టెలోనే వాళ్లు ఆటలన్నీ ఆడారు. 1992లో వచ్చిన ఏజెడ్-1 అనే బుల్లి కారు చూడండి. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. ఇంజను సుజుకిదే, మన 800 ఇంజనుకు దగ్గర చుట్టం. టర్బో ఉన్నా, రెక్కల తలుపులున్నా మొత్తం బరువు 720 కిలోలు. ఆ తలుపులు తరువాత ఎవరో షాపులో తగిలించినవి కావు. తలుపు పైకి లేవాలని ముందే అనుకుని, బరువు మోసేలా కప్పును, గుల్లను (కారు రేకు కట్టడాన్ని) దాని చుట్టూ గీశారు.

మీ కారు తలుపు అలా గీసింది కాదు. కబ్జాలు, అంటే తలుపు తిరిగే బందులు, ముందు స్తంభానికి ఉన్నాయి, ఆ స్తంభం పక్కకు తెరిచే తలుపు కోసం చేసింది. దానికి పైకి లేపే కబ్జా వెల్డింగు చేస్తే, తెరిచిన ప్రతిసారీ తలుపు బరువంతా ఆ పలచటి రేకు మీద మెలిపెడుతుంది. ఎత్తి పట్టే గ్యాస్ రాడ్లు బలహీనపడ్డాక తలుపు దానంతటదే దిగుతుంది. నా దగ్గరికి వచ్చిన అలాంటి కారు ఓనరు నెత్తి మీద మూడు కుట్లు పడి ఉన్నాయి. తలుపు ఎలా పాడైందో నేను అడగనక్కర్లేకపోయింది. వానాకాలంలో రబ్బరు సరిగా ఆనక కాళ్ల కింద నీళ్లు నిలిచేవి, పైగా. ఆ కారు కాలవలోకి ఒరిగితే ఆ తలుపు ఎలా తెరుస్తారన్నది ఇంకో ప్రశ్న, దానికి షాపులో ఎవరూ జవాబు చెప్పరు.

మీ జాబితాలో లేదు గానీ, తరువాత ఎవరైనా కప్పు కోసి ఓపెన్ టాప్ చేద్దామంటారేమో, ముందే చెప్పి ఉంచుతాను. లారీకి, పాత జీపుకు కింద ఛాసిస్ ఉంటుంది, పైన ఏం కోసినా అది మోస్తుంది. 800కు విడిగా ఛాసిస్ లేదు, గుల్లే ఛాసిస్. అగ్గిపెట్టెను తొడుగుతో సహా పట్టుకుని మెలితిప్పి చూడండి, తరువాత తొడుగు తీసేసి లోపలి అరను మెలితిప్పి చూడండి. గోపాల్‌పూర్ బీచి వైపు పెళ్లి ఫొటోలకు అద్దెకిచ్చే ఒక కప్పు కోసిన 800ను ఒకసారి నాకు చూపించారు. ఎడమ ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపుతుంటే కుడి తలుపు సందు పైన వేలు పట్టేంత తెరుచుకుంది, కింద గోరు కూడా దూరలేదు. తలుపు తెరవబోతే రాలేదు. జాకీ దించాక వచ్చింది. రోడ్డు మీద ప్రతి గుంతా ఒక జాకీయే కదండీ.

ఇంజను మార్చమని కూడా కొందరు సలహా ఇస్తారు. 1300 సీసీ ఎస్టీమ్ ఇంజను 800లో కూర్చోబెట్టినవాళ్లు దేశంలో ఉన్నారు, అది అద్భుతంగా పరుగెత్తుతుంది, కాదనను. కానీ ఆపేది ఎవరు? 1961లో బ్రిటనులో మినీ కారుకు కూపర్ పేరు జోడించి వేగం పెంచినప్పుడు, ఇంజనుతో పాటు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కూడా ఇచ్చారు. ఆ చిట్టి కారే 1964, 1965, 1967లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది, మంచు కొండల మలుపుల్లో తనకన్నా ఎన్నో రెట్లు బలమైన బండ్లను దాటి. దానికి రెక్కలు కట్టలేదు, స్పీకర్లు పెట్టలేదు. చిన్న కారును ఎలా ముస్తాబు చేయాలో నన్నడిగితే ఆ కారును చూపిస్తాను.

బొమ్మ కార్లను నేను వెక్కిరిస్తున్నానని అనుకోకండి. హైదరాబాదులో జూ పార్కు దగ్గర సుధా కార్ల మ్యూజియంలో బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో నడిచే కార్లున్నాయి. అక్కడ నేను పూట గడిపాను, కదలబుద్ధి కాలేదు. అవి సాలూరు ఘాటీ ఎక్కుతామని ఎవరికీ మాటివ్వలేదు. మీ కారు మాత్రం ఆ ఘాటీ ఎక్కాలి. అమ్మగారిని పాతపట్నం తీసుకెళ్లాలి.

కాగితాల సంగతి ఇంకా అసలైనది, మీరు ఒక్క ముక్క రాయలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఒక్కో మార్పుకు, గమనించండి. ఇంజను మార్పుకు ముందే అనుమతి తీసుకోవాలి, రంగు మారిస్తే ఆర్.సి.లో రాయించాలి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం జరిగిన రోజున బయటపడతాయి.

మీది 2004 బండి. 15 ఏళ్లు 2019లో నిండాయి, ఆ తరువాత ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. చేయించారా? పైగా ఏపీ 30 నంబరు శ్రీకాకుళం జిల్లాది, బండి ఉండేది గజపతి జిల్లాలో. మహేంద్రతనయ దాటితే రాష్ట్రం మారుతుందని మనకు రోజూ గుర్తుండదు, ఆర్టీఓకు గుర్తుంటుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నుంచి ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ ఓడీ 20 నంబరు వేయించాలి. ఆ పరీక్షకు మూడు అంగుళాలు దించి, రెక్కల తలుపులతో వెళ్తే ఇనస్పెక్టరు మీకు టీ ఇవ్వడు. ముందు కాగితాలు, తరువాత సింగారం.

ఇప్పుడు నా కారు సంగతి చెబుతాను, లేకపోతే అన్నీ వద్దనే ముసలాడు అనుకుంటారు. 2001 మోడల్ ఎరుపు 800. పార్వతీపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర 2011లో కొన్నాను. 13 అంగుళాల తేలికపాటి అల్లాయ్ రిమ్ములు. కంపెనీ ఎత్తులోనే కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లన్నీ (చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతుల కీళ్లలోని రబ్బర్లు) కొత్తవి. ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ములకు లైనర్లు, బ్రేకు ఆయిల్. ఇవి ఎవరికీ కనిపించవు గానీ, ఇరవై ఏళ్ల బండికి బుష్‌లు మార్చి చూడండి, స్టీరింగు చేతిలో కొత్తగా పుడుతుంది. పాత రంగును అదే ఎరుపులో మళ్లీ కొట్టించాను, కింద పుట్టీ వీలైనంత తక్కువ.

సింగారం అంతా లోపల. సీట్లలో స్పాంజి మార్చి, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత గుడ్డతో కవర్లు కుట్టించాను. చెట్టు వేరు నుంచి తీసిన ఆ ముదురు ఎరుపు రంగు మరే రెగ్జినుకూ రాదు. గేరు పిడి మాత్రం మీ ఊరిదే. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల దగ్గర కూర్చుని, నల్ల గేదె కొమ్ముతో కొలత ఇచ్చి చేయించుకున్నాను. నా బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం చెక్కమంటే ఆయన నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు చూసి చెక్కారు. ఎండలో కాలదు, చలిలో గడ్డకట్టదు, చేతి నూనెకు రోజురోజుకూ నిగనిగలాడుతోంది. బరువు వంద గ్రాములు కూడా ఉండదు. షెడ్డుకు వచ్చినవాళ్లు బయట రిమ్ములు చూసి "బాగుంది" అంటారు, లోపల కూర్చుని ఆ పిడి మీద చెయ్యి వేశాక దిగరు.

మీ 1,60,000లో సగం కూడా కాకుండా ఇవన్నీ అవుతాయి, కాగితాల ఖర్చు కలుపుకుని. సైలెన్సర్ మాత్రం మార్చకండి. మూడు సిలిండర్ల ఇంజనుకు గొట్టం తెరిస్తే రేసు కారులా మోగదు, పాత ఆటోలా మోగుతుంది.

అడ్వాన్సు పది వేలు పోతుందని బెంగ పెట్టుకోకండి. అదే షాపులో 13 అంగుళాల రిమ్ములకు జమ చేసుకోమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. పాత 12 అంగుళాల చక్రాలు నాలుగూ ఇంటికి తెచ్చుకోండి, ఫిట్‌నెస్ రోజున పనికొస్తాయి. సోమవారం దాకా ఆగకుండా ఇవాళే ఫోను చేసి, ఆ స్ప్రింగుల మీద గ్రైండరు పెట్టవద్దని చెప్పండి.